వాణిజ్య వ్యర్థాల నిర్వహణ

వాణిజ్య వ్యర్థాలు అనగా దుకాణాలు, హోటళ్ళు, కార్యాలయాలు, కూరగాయల మార్కెట్లు, గోదాములు, సినిమా హాళ్ళు, కల్యాణ మండపాలు వంటి వ్యాపార సంస్థల నుండి వెలువడే ఘన వ్యర్థాలు. వీటిని సేకరించిన తరువాత తూచడం, వేరు చేయడం, పునశ్చక్రీకరణ చేయడం, ఎరువుగా గాని ఇంధనంగా గాని మార్చడం, మిగిలినదానిని కాల్చడం లేదా పూడ్చడం వంటి దశలన్నిటినీ కలిపి వాణిజ్య వ్యర్థాల నిర్వహణ అంటారు. పునశ్చక్రీకరణను వాడుకలో రీసైక్లింగ్ అని కూడా వ్యవహరిస్తారు.

సేకరించిన చెత్త అంతా పునశ్చక్రీకరణకు చేరదు. ఒక వస్తువు తిరిగి వస్తువుగా మారుతుందా లేక చెత్తకుప్పలో కలుస్తుందా అనేది ప్రధానంగా మూడు అంశాలపై ఆధారపడి ఉంటుంది. అవి: మొదటి చోటనే దానిని వేరు చేశారా లేదా, అది ఎంత శుభ్రంగా ఉన్నది, దానికి మార్కెట్లో ధర ఉన్నదా లేదా. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశంలోని, ముఖ్యంగా హైదరాబాదులోని విధానాన్ని వివరిస్తుంది.

గృహ వ్యర్థాలతో భేదం

గృహ వ్యర్థాలలో అనేక రకాల పదార్థాలు కొద్ది కొద్దిగా కలిసి ఉంటాయి. వాణిజ్య వ్యర్థాలలో ఒకే రకం పదార్థం ఎక్కువ మొత్తంలో ఒకే చోట లభిస్తుంది. ఉదాహరణకు బట్టల దుకాణం నుండి అట్టపెట్టెలు, పలుచని ప్లాస్టిక్ సంచులు వెలువడతాయి. కూరగాయల మార్కెట్ నుండి క్యాబేజీ ఆకులు, కుళ్ళిన టమాటాలు, అరటి కాడలు వస్తాయి. కార్యాలయం నుండి తెల్ల కాగితం, పాత కంప్యూటర్లు, మద్యం దుకాణం నుండి గాజు సీసాలు వస్తాయి. ఈ కారణంగా వాణిజ్య వ్యర్థాలు పునశ్చక్రీకరణకు అనుకూలమైనవి. అయితే ఒకే డబ్బాలో అన్నిటినీ కలిపి వేస్తే ఈ అనుకూలత పోతుంది. సాంబారు తడిసిన అట్టపెట్టెను కాగితపు మిల్లు కొనదు. గాజు పెంకులు కలిసిన కూరగాయల చెత్త నుండి మంచి ఎరువు తయారు కాదు.

ఆసుపత్రి వ్యర్థాలు, భవన నిర్మాణ శిథిలాలు, పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాలు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు, బ్యాటరీలు వేరు నియమాల పరిధిలోకి వస్తాయి. వాటిని సాధారణ వాణిజ్య వ్యర్థాలతో కలపరాదు.

సేకరణ

భారతీయ నగరాలలో వాణిజ్య వ్యర్థాలు రెండు మార్గాలలో తరలిపోతాయి.

పాత సామాన్ల వ్యాపారం: విలువ కలిగిన వస్తువులు సాధారణంగా పురపాలక సంస్థ వాహనం వరకు రావు. దుకాణదారులు అట్టపెట్టెలు, ఇనుము, సీసాలు, కాగితం వంటివాటిని పాత సామాన్ల కొట్టుకు కిలోల లెక్కన అమ్ముతారు. హైదరాబాదులో ఈ కొట్లను కబాడీ దుకాణాలని, పాత కాగితాన్ని రద్దీ అని అంటారు. చెత్త ఏరుకునేవారు, తోపుడు బండ్లపై తిరిగి కొనేవారు, చిన్న కొట్లు, ఒక్కో సరుకునే కొనే పెద్ద వర్తకులు, చివరగా మిల్లులు - ఈ క్రమంలో సరుకు చేతులు మారుతుంది. ప్రతి దశలోనూ సరుకును మరింత సూక్ష్మంగా వేరు చేస్తారు. ప్రతి దశలోనూ కాటా వేస్తారు. తడి, మట్టి ఉంటే తూకంలో కోత విధిస్తారు.

పురపాలక లేదా గుత్తేదారు సేకరణ: కొనేవారు లేని చెత్త ఈ మార్గంలో వెళ్తుంది. చిన్న ఆటోలు, టిప్పర్లు చెత్తను బదిలీ కేంద్రాలకు చేరుస్తాయి. అక్కడ యంత్రాలతో అదిమి, పెద్ద వాహనాలలోకి ఎక్కించి నగరం వెలుపలి శుద్ధి కేంద్రానికి పంపుతారు. అదిమినపుడు తడి చెత్తలోని నీరు పొడి చెత్తకు అంటుకుంటుంది. అందువలన బదిలీ కేంద్రాన్ని దాటిన మిశ్రమ చెత్త నుండి శుభ్రమైన కాగితాన్ని తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం.

వేరు చేయడం

పొడి చెత్త కేంద్రాలలో సరుకును కదిలే బెల్టుపై పోసి, ఇరువైపులా నిలబడిన కార్మికులు చేతితో ఏరుతారు. పెద్ద కేంద్రాలలో ఈ క్రింది యంత్రాలను కూడా వాడతారు.

- రంధ్రాలున్న తిరిగే డ్రమ్ము: మట్టిని, చిన్న ముక్కలను జల్లెడ పట్టి క్రిందికి వదులుతుంది.
- గాలి ఊదే యంత్రం: తేలికైన కాగితం, ప్లాస్టిక్ పొరలను బరువైన వస్తువుల నుండి విడదీస్తుంది.
- అయస్కాంతం: ఇనుము, ఉక్కు వస్తువులను ఆకర్షిస్తుంది.
- సుడి విద్యుత్ ప్రవాహ యంత్రం: వేగంగా మారే అయస్కాంత క్షేత్రం వలన అల్యూమినియం డబ్బాలలో విద్యుత్ ప్రవాహం పుడుతుంది. ఆ ప్రవాహం వలన కలిగే వికర్షణతో డబ్బాలు బెల్టు నుండి ఎగిరి వేరుగా పడతాయి.
- పరారుణ కిరణ పరికరం: ఒక్కొక్క ప్లాస్టిక్ రకం కిరణాలను ఒక్కొక్క విధంగా పరావర్తనం చేస్తుంది. దానిని బట్టి రకాన్ని గుర్తించి గాలి తాకిడితో ప్రక్కకు నెడుతుంది.

వేరు చేసిన సరుకును అదిమి బేళ్ళుగా కట్టి మిల్లులకు అమ్ముతారు. బేలులో ఇతర పదార్థాలు ఎక్కువగా ఉంటే కొనుగోలుదారు ధర తగ్గిస్తాడు లేదా సరుకును తిప్పి పంపుతాడు.

పునశ్చక్రీకరణ

కాగితం, అట్ట

పాత కాగితాన్ని పెద్ద తొట్టెలో నీటితో చిలికి గుజ్జుగా మారుస్తారు. పిన్నులు, ప్లాస్టిక్ టేపు, జిగురు వంటివాటిని జల్లెడల ద్వారా తొలగిస్తారు. తెల్ల కాగితం తయారు చేయాలంటే గుజ్జులోకి సబ్బు వంటి రసాయనాలు, గాలి బుడగలు పంపుతారు. సిరా కణాలు బుడగలకు అంటుకొని నురుగుగా పైకి తేలుతాయి. అట్టపెట్టెల గుజ్జుకు సాధారణంగా ఈ అవసరం ఉండదు. దానిని తిరిగి గోధుమ రంగు క్రాఫ్ట్ కాగితంగా మార్చి కొత్త పెట్టెలకు వాడతారు. గుజరాత్‌లోని వాపి, మోర్బి, ఉత్తర ప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ ఇటువంటి మిల్లులకు ప్రసిద్ధి చెందినవి.

కాగితంలోని పీచు ప్రతి పర్యాయం కొంత పొట్టిదవుతుంది. సుమారు 5 నుండి 7 పర్యాయాల తరువాత అది కాగితానికి పనికిరాదు. కాబట్టి కొంత కొత్త గుజ్జు ఎల్లప్పుడూ అవసరమవుతుంది. రహస్య పత్రాలను కార్యాలయాలలో సన్నని ముక్కలుగా కత్తిరించినపుడు కూడా పీచు తెగి దాని విలువ తగ్గుతుంది.

ప్లాస్టిక్

ప్లాస్టిక్ వస్తువులపై త్రికోణాకార బాణాల మధ్య 1 నుండి 7 వరకు ఉండే అంకె ఆ ప్లాస్టిక్ రకాన్ని తెలుపుతుంది. అంకె ఉన్నంత మాత్రాన ఆ వస్తువు తప్పక పునశ్చక్రీకరణ అవుతుందని అర్థం కాదు.

మంచినీటి సీసాలకు వాడే పెట్ రకం (అంకె 1) ప్లాస్టిక్‌కు గిరాకీ ఎక్కువ. సీసాలను రంగుల వారీగా వేరు చేసి, చిన్న పలుకులుగా నూరి, వేడి నీటిలో కాస్టిక్ సోడాతో కడుగుతారు. ఈ దశలో పెట్ పలుకులు నీటిలో మునుగుతాయి. పాలీప్రొపిలీన్ లేదా పాలీఇథిలీన్‌తో చేసిన మూతల పలుకులు తేలుతాయి. ఆ విధంగా రెండూ సులభంగా విడిపోతాయి. పెట్ పలుకుల నుండి తీసిన దారంతో దుస్తులు, దిండ్లలో నింపే పీచు తయారు చేస్తారు. పి.వి.సి. ముక్కలు కొద్దిపాటి కలిసినా కరిగించే సమయంలో పెట్ నాణ్యత చెడుతుంది.

చిప్స్, బిస్కెట్ పొట్లాలలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కొని ఉంటాయి. వాటిని విడదీసే ఖర్చు వచ్చే విలువ కంటే ఎక్కువ. అందువలన పాత సామాన్ల కొట్లు వాటిని కొనవు. ఇటువంటివాటిని సిమెంటు కర్మాగారాలలో బొగ్గుకు తోడుగా మండిస్తారు. సిమెంటు కొలిమిలో పదార్థం 1,400 డిగ్రీల సెంటీగ్రేడు కంటే ఎక్కువ వేడికి గురవుతుంది. బూడిద సైతం సిమెంటులోనే కలిసిపోతుంది. తెలంగాణలోని సూర్యాపేట, ఆంధ్ర ప్రదేశ్‌లోని కడప, నంద్యాల మొదలైన జిల్లాలలో సున్నపురాయి నిక్షేపాల వలన సిమెంటు కర్మాగారాలు అనేకం ఉన్నాయి. అయితే ఇది ఇంధనంగా వాడుకోవడమే గాని ప్లాస్టిక్‌ను తిరిగి ప్లాస్టిక్‌గా మార్చడం కాదు.

లోహాలు, గాజు

లోహాలను ఎన్ని పర్యాయాలైనా కరిగించవచ్చు. పాత అల్యూమినియంను కరిగించడానికి, ముడి ఖనిజం నుండి దానిని తయారు చేయడానికి కావలసిన శక్తిలో సుమారు 5 శాతం సరిపోతుంది. అందువలననే అల్యూమినియం డబ్బాలు చెత్తకుప్పల వరకు చేరడం అరుదు. తుక్కు ఇనుమును విద్యుత్ కొలిమిలలో కరిగించి ఇనుప కడ్డీలు తయారు చేస్తారు.

గాజు కూడా నాణ్యత తగ్గకుండా పదే పదే కరుగుతుంది. అయితే బరువు ఎక్కువ, ధర తక్కువ కావడం వలన రవాణా ఖర్చు భారమవుతుంది. భారతదేశంలో బీరు సీసాలను కరిగించకుండా కడిగి మళ్ళీ నింపే పద్ధతి ఉన్నది. శక్తి వినియోగం దృష్ట్యా ఇది కరిగించడం కంటే మేలైనది.

తడి చెత్త

హోటళ్ళు, మార్కెట్ల నుండి వచ్చే తడి చెత్తను రెండు విధాలుగా శుద్ధి చేస్తారు.

కంపోస్టు: చెత్తను పొడవైన కుప్పలుగా పోసి, గాలి తగిలేందుకు కొన్ని రోజులకు ఒకసారి తిరగవేస్తారు. సూక్ష్మజీవుల చర్య వలన కుప్ప లోపలి ఉష్ణోగ్రత 55 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. ఈ వేడికి వ్యాధికారక క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. కుళ్ళిన పదార్థాన్ని జల్లెడ పట్టి ఎరువుగా అమ్ముతారు. కొబ్బరిబొండాల డొక్కలు త్వరగా కుళ్ళవు గనుక వాటిని ముందుగా యంత్రంతో చీల్చవలసి ఉంటుంది.

జీవవాయువు: మూసి ఉన్న తొట్టెలో గాలి తగలకుండా చెత్తను కుళ్ళబెడితే మీథేన్ ప్రధానంగా గల వాయువు వెలువడుతుంది. హైదరాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఇక్కడ రోజుకు వచ్చే సుమారు 10 టన్నుల కూరగాయల చెత్త నుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తయారవుతుందని ఈ కేంద్రం ప్రారంభ దశలో ప్రకటించారు. ఇందులోని సాంకేతిక పరిజ్ఞానం హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో రూపొందినది. విద్యుత్తును మార్కెట్ దీపాలకు, కార్యాలయానికి, నీటి సరఫరాకు వాడారు. 2021 జనవరిలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తన ఆకాశవాణి ప్రసంగంలో ఈ మార్కెట్‌ను ప్రస్తావించాడు. ఇతర పదార్థాలు కలవని కూరగాయల చెత్త ఒకే చోట లభించడం, తయారైన విద్యుత్తును వాడుకునే అవకాశం అక్కడే ఉండడం ఇటువంటి కేంద్రాలకు అనుకూలించే అంశాలు.

వాడిన వంటనూనె: పదే పదే కాచిన నూనెలో పోలార్ సమ్మేళనాలు పెరుగుతాయి. ఇవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ విధించిన నిబంధన 2018 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. అటువంటి నూనెను హోటళ్ళ నుండి సేకరించి బయోడీజిల్‌గా మార్చే కార్యక్రమం కూడా అదే సంవత్సరం మొదలయినది. ఈ నూనె అధికారిక మార్గంలో వెళ్ళకపోతే చిన్న తినుబండారాల బండ్లకు చేరి మళ్ళీ ఆహారంలో కలిసే ప్రమాదం ఉన్నది.

శేష వ్యర్థాలు

పైన చెప్పిన ఏ మార్గంలోనూ వెళ్ళని చెత్తను శేష వ్యర్థాలు అంటారు. దీనికి మిగిలే దారులు దహనం, ఖననం.

దహనం

మండే గుణం గల పొడి చెత్తను కాల్చి, ఆ వేడితో ఆవిరిని పుట్టించి విద్యుత్తు తయారు చేస్తారు. భారతీయ నగరాల మిశ్రమ చెత్తలో తడి భాగం ఎక్కువ కనుక అది సరిగా మండదు. ఢిల్లీలోని తిమార్‌పూర్ వద్ద 1987లో ప్రారంభించిన దహన కేంద్రం ఈ కారణంగానే కొద్ది రోజులకే మూతపడింది. హైదరాబాదు సమీపంలోని జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల కేంద్రం పని ప్రారంభించింది. విశాఖపట్నం, గుంటూరు ప్రాంతాలలో కూడా 15 మెగావాట్ల చొప్పున కేంద్రాలు నెలకొన్నాయి. కాల్చిన తరువాత మిగిలే బూడిదను, పొగ నుండి వడకట్టిన ధూళిని జాగ్రత్తగా పూడ్చవలసి ఉంటుంది. పొగను సరిగా శుద్ధి చేయకపోతే డయాక్సిన్ల వంటి విష పదార్థాలు గాలిలో కలుస్తాయి.

ఖననం

శాస్త్రీయంగా పూడ్చేచోట నేలపై బంకమట్టి, ప్లాస్టిక్ పొరలు పరచి, చెత్త నుండి కారే మురికి ఊటను గొట్టాల ద్వారా సేకరించి శుద్ధి చేస్తారు. మీథేన్ వాయువును కూడా బయటకు తీస్తారు. అయితే భారతదేశంలో అనేక చోట్ల చెత్తను బహిరంగంగా కుప్పపోయడమే దశాబ్దాల తరబడి జరిగింది.

మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లాలోని జవహర్‌నగర్‌లో కోటి టన్నులకు పైగా పాత చెత్త పేరుకున్నది. దాని నుండి కారిన ఊట వలన సమీపంలోని మల్కారం చెరువు నీరు నల్లగా మారింది. పరిసర గ్రామాలవారు దుర్వాసన, కలుషిత భూగర్భజలాల గురించి అనేక పర్యాయాలు ఆందోళనలు చేశారు. తరువాతి కాలంలో కుప్పను మట్టి, ప్లాస్టిక్ పొరలతో కప్పి, ఊటను శుద్ధి చేసే పనులు చేపట్టారు. 2017 సెప్టెంబరు 1న ఢిల్లీలోని ఘాజీపూర్ చెత్తకుప్ప కొంత భాగం కూలి ఇద్దరు మరణించారు. 2023 మార్చి 2న కేరళలోని కొచ్చి సమీపాన బ్రహ్మపురం చెత్త కేంద్రంలో చెలరేగిన మంటలు 10 రోజులకు పైగా ఆరక నగరాన్ని పొగతో నింపాయి. నగరంలో వేరు చేయకుండా పారవేసిన చెత్త భారం ఈ విధంగా నగరం అంచున నివసించేవారిపై పడుతుంది.

చట్టాలు

1994లో సూరత్ నగరంలో ప్లేగు ప్రబలిన తరువాత నగరాల చెత్త సమస్యపై దేశవ్యాప్తంగా దృష్టి పడింది. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీం కోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం దాఖలు చేసింది. దాని పర్యవసానంగా 2000 సంవత్సరంలో పురపాలక ఘన వ్యర్థాల నియమాలు వెలువడ్డాయి. వాటి స్థానంలో వచ్చిన 2016 నాటి నియమాలలో ముఖ్యాంశాలు:

- చెత్తను తడి, పొడి, గృహ ప్రమాదకర వ్యర్థాలుగా మొదటి చోటనే వేరు చేయాలి.
- రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వెలువరించే సంస్థలను భారీ వ్యర్థ ఉత్పత్తిదారులుగా పరిగణిస్తారు. పెద్ద హోటళ్ళు, మార్కెట్లు, వాణిజ్య సముదాయాలు వీటి క్రిందకు వస్తాయి.
- హోటళ్ళు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగా గాని జీవవాయువుగా గాని మార్చాలి.
- కిలోకు 1,500 కిలో కేలరీలు లేదా అంతకు మించి ఉష్ణ విలువ గల చెత్తను పూడ్చరాదు.

2026 జనవరిలో ప్రకటించిన కొత్త నియమాలు వీటి స్థానాన్ని తీసుకున్నాయి. వీటి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. ఇవి చెత్తను తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక శ్రద్ధ అవసరమైన వ్యర్థాలు అని నాలుగు విధాలుగా వేరు చేయాలని నిర్దేశించాయి. భారీ ఉత్పత్తిదారుల బాధ్యతను కూడా పెంచాయి.

అంతర్జాతీయ వ్యాపారం

అనేక సంపన్న దేశాలు తాము సేకరించిన పొడి చెత్తలో కొంత భాగాన్ని ఇతర దేశాలకు అమ్ముతాయి. అందులో అధిక భాగం ఒకప్పుడు చైనాకు వెళ్ళేది. 2018లో చైనా అనేక రకాల ప్లాస్టిక్, కాగితపు వ్యర్థాల దిగుమతిని నిషేధించి, మిగిలినవాటిలో మలినాల పరిమితిని 0.5 శాతంగా నిర్ణయించింది. దీనితో ఓడలు మలేషియా, వియత్నాం, థాయ్‌లాండ్ వైపు మళ్ళాయి. అమెరికాలోని కొన్ని పట్టణాలు సేకరించిన సరుకును అమ్ముకోలేక కాల్చడమో పూడ్చడమో చేశాయి. భారతదేశం 2019లో ప్లాస్టిక్ వ్యర్థాల దిగుమతిని నిషేధించింది. ప్రమాదకర వ్యర్థాల రవాణాపై 1989లో కుదిరిన బాసెల్ ఒప్పందంలో 2019లో ప్లాస్టిక్‌ను కూడా చేర్చారు. ఈ సవరణ 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

కార్మికులు

భారతదేశంలో పునశ్చక్రీకరణకు చేరే సరుకులో ఎక్కువ భాగం అసంఘటిత కార్మికుల చేతుల మీదుగానే వెళ్తుంది. వీరిలో స్త్రీలు, నిరుపేదలు, దళితులు ఎక్కువ. చేతి తొడుగులు లేకుండా పని చేయడం వలన గాజు, సూదుల గాయాలు, శ్వాసకోశ వ్యాధులు వీరికి సాధారణం. కాగితం లేదా ప్లాస్టిక్ ధర పడిపోయినపుడు ఆ నష్టం మొదట వీరి రోజు సంపాదనపైనే పడుతుంది.

పూణే నగరంలో చెత్త ఏరేవారు 1993లో సంఘంగా ఏర్పడి గుర్తింపు కార్డులు సాధించారు. తరువాత వారే సభ్యులుగా ఏర్పడిన స్వచ్ఛ్ సహకార సంఘం 2008 నుండి పురపాలక సంస్థతో ఒప్పందం మేరకు ఇంటింటి సేకరణ చేపట్టింది. 2016 నాటి నియమాలు కూడా చెత్త ఏరేవారిని నిర్వహణ వ్యవస్థలో భాగంగా గుర్తించాయి.

లెక్కలలోని చిక్కులు

"సేకరించినది", "శుద్ధి చేసినది", "పునశ్చక్రీకరణ అయినది" అనే మూడు అంకెలు ఒకటి కావు. వేరు చేసే కేంద్రానికి వచ్చిన సరుకులో కొంత తిరస్కరణకు గురవుతుంది. మిల్లుకు చేరినదానిలోనూ కొంత మడ్డిగా మిగులుతుంది. కొన్ని నివేదికలలో కేంద్రానికి చేరిన బరువునంతటినీ పునశ్చక్రీకరణ ఖాతాలో చూపుతారు. 2017లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అంచనా ప్రకారం, 2015 వరకు ప్రపంచంలో ఏర్పడిన ప్లాస్టిక్ వ్యర్థాలలో పునశ్చక్రీకరణ అయినది సుమారు 9 శాతం. కాల్చినది సుమారు 12 శాతం. మిగిలిన 79 శాతం చెత్తకుప్పలలోనో ప్రకృతిలోనో చేరింది.

భారతదేశంలో ప్లాస్టిక్ పొట్లాలలో సరుకులు అమ్మే కంపెనీలు వాటి వ్యర్థాలకు బాధ్యత వహించి, పునశ్చక్రీకరణ చేసేవారి నుండి ధ్రువపత్రాలు కొనుగోలు చేసే పద్ధతి 2022 నుండి అమలులోకి వచ్చింది. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జరిపిన తనిఖీలలో సుమారు 6 లక్షల నకిలీ ధ్రువపత్రాలు బయటపడ్డాయి. అంటే కాగితంపై పునశ్చక్రీకరణ అయినట్లు చూపిన ప్లాస్టిక్‌లో కొంత వాస్తవంగా మిల్లుకు చేరనే లేదు. ఈ కారణంగా ఒక సంస్థ తన చెత్త ఏమవుతున్నదో తెలుసుకోవాలంటే వాహనం ఎక్కిన బరువుతో పాటు, చివరి మిల్లు లేదా శుద్ధి కేంద్రం ఇచ్చే తూకపు రసీదును కూడా పరిశీలించవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

- ఘన వ్యర్థాలు
- కంపోస్టు
- జీవవాయువు
- ప్లాస్టిక్ కాలుష్యం
- ఎలక్ట్రానిక్ వ్యర్థాలు
- స్వచ్ఛ భారత్